గరగరలాడే ఫోన్ లైన్ మీద ఏ మోడెం నిలుస్తుంది?

ఫోన్ నంబరు డయల్ చేసి ఇంటర్నెట్‌కు కలిసే డయలప్ రోజుల్లో, కంప్యూటర్ డేటాను ఫోన్ లైన్ మీద పోయే సిగ్నల్‌గా మార్చే మోడెం మంచిదా కాదా అని తేల్చడానికి చాలామంది చూసింది ఒకటే అంకె. కనెక్ట్ అవగానే తెర మీద కనిపించే 28,800, 33,600, 49,333 లాంటి వేగం, అంటే సెకనుకు అన్ని బిట్లు. అది ఎక్కువ చూపిస్తే మోడెం గొప్పది, తక్కువ చూపిస్తే నాసిరకం. శుభ్రమైన లైన్ మీద ఈ కొలత చాలావరకు సరిపోతుంది. గరగర ఉన్న లైన్ మీద మాత్రం దాన్ని నమ్ముకుంటే దెబ్బతినడం ఖాయం. 33,600 దగ్గర కలిసి గంటలో నాలుగుసార్లు తెగిపోయే మోడెం కన్నా, 24,000 దగ్గర కలిసి తెల్లవార్లూ నిలిచేదే పనికొస్తుంది. ఇంతవరకు అనుభవం ఉన్నవాళ్లందరికీ తెలుసు. దీని వెనక తక్కువగా చర్చకు వచ్చిన సంగతి మరొకటి ఉంది. ఆ గరగరలో, అంటే నాయిస్‌లో, రకాలున్నాయి. ఒక రకం నాయిస్ మీద మోడెంను గెలిపించే ఉపాయమే ఇంకో రకం మీద దాన్ని ఓడిస్తుంది. లైన్‌లో ఉన్నది ఏ నాయిసో తెలియకుండా రెండు మోడెంలను పోల్చి ఒకదానికి కిరీటం పెట్టడం కుదరని పని.

ముందు దారి సంగతి. ఫోన్ లైన్ మనిషి మాట కోసం కట్టింది. సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే అది మోస్తుంది. డిజిటల్ ఎక్స్చేంజీకి చేరాక ఆ సిగ్నల్‌ను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. అలా 64 కిలోబిట్లు. ఈ కొలతల్లో జరిగే సర్దుబాటు వల్లే కొంత నాయిస్ పుడుతుంది. అందుకే తీగ ఎంత శుభ్రంగా ఉన్నా సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య తేడా 37 డెసిబెల్స్ (రెండు బలాల నిష్పత్తిని చెప్పే కొలత) చుట్టుపక్కలే ఆగిపోతుంది. ఒక దారిలో గరిష్ఠంగా ఎంత డేటా పంపొచ్చో చెప్పే, 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రాన్ని ఇక్కడ వేస్తే పరిమితి కళ్లకు కడుతుంది. 3,100 హెర్ట్జ్ వెడల్పున్న దారిలో ఆ తేడా 35 డెసిబెల్స్ ఉంటే సెకనుకు గరిష్ఠంగా 36,000 బిట్లు పంపొచ్చు. 30కి పడితే 30,900. 20కి పడితే 20,600. అంటే 33,600 మోడెం ఈ దారి సత్తా మొత్తం పిండుకుంటోంది. దానికి మిగులు దాదాపు లేదు. లైన్ కాస్త పాడైనా అందరికన్నా ముందు ఇబ్బంది పడేది అదే.

ఇక నాయిస్. ఎప్పుడూ ఒకే మోతాదులో వినిపించే 'స్స్' చప్పుడు ఒక రకం. పొడవైన తీగలు, బలహీనపడ్డ సిగ్నల్, తుప్పు పట్టిన జాయింట్లు దీన్ని పెంచుతాయి. ఉండీ ఉండీ 'టక్' మనే చప్పుడు రెండో రకం. పిడుగులు, వదులైన జాయింట్లు, పాత యాంత్రిక స్ట్రోజర్ ఎక్స్చేంజీల్లో పైకీ పక్కకీ కదిలే స్విచ్చుల కాంటాక్టులు దీనికి మూలం. పక్క ఎవరి లైనో ఆన్ అయినప్పుడల్లా మన లైన్‌లో టక్కుమనడం స్ట్రోజర్ కాలం వాళ్లకు బాగా గుర్తుంటుంది. కరెంటు తీగల పక్కన పోయే లైన్‌లో 50 హెర్ట్జ్ హమ్, పక్క జత తీగల నుంచి వచ్చే క్రాస్‌టాక్, రెండు వైర్ల లైన్ నాలుగు వైర్లుగా మారే చోట పుట్టే ప్రతిధ్వని, ఎక్స్చేంజీల మధ్య ఉండే అనలాగ్ ట్రంకుల మీద సిగ్నల్ దశ (ఫేజ్) వణకడం, ఇవన్నీ వేరు. వానాకాలంలో వీధిలో తీగలు పంచే డీపీ బాక్సులోకో భూమిలోని కేబుల్ జాయింట్‌లోకో నీళ్లు చేరితే స్స్, టక్కు, క్రాస్‌టాక్ మూడూ కలిసే వస్తాయి.

మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైల్లో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాక హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే రంగంలోకి దిగింది. అప్పటికి లోకంలో మోడెంలు 33,600 దాటి 56 కిలోబిట్లకు చేరాయి. తీగలు, జాయింట్లు, చాలా చోట్ల ట్రంకులు మాత్రం అంతకుముందు తరానివే. కొత్త మోడెంలు పాత తీగల మీద నడవాల్సిన పరిస్థితి మనకు మొదటిరోజు నుంచే ఉంది.

తరాల మధ్య తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక్కో సంకేతంలో ఎన్ని బిట్లు కుక్కుతున్నారన్నదే. 1962 నాటి బెల్ 103 సెకనుకు 300 బిట్లు, రెండు స్వరాలతో పంపేది. ఒకటా సున్నానా అని తేల్చడానికి ఏ స్వరం వినిపిస్తోందో చూస్తే చాలు. లైన్ ఎంత ఘోరంగా ఉన్నా అది పనిచేసేది అందుకే. ఆ తర్వాతి అంతర్జాతీయ ప్రమాణాల్లో వి.22బిస్ 2,400 వేగానికి సెకనుకు 600 సంకేతాలు, ఒక్కోదానికి 16 రూపాలు వాడింది. వి.32బిస్ 14,400 కోసం 2,400 సంకేతాలు, 128 రూపాలు వాడింది. వి.34లో 33,600 దగ్గర ఈ రూపాల పట్టిక 1,664 దాకా పోతుంది. రూపాలు అంత దగ్గరగా ఇమిడితే చిన్న కుదుపుకే ఒకటి ఇంకోదానిలా కనిపిస్తుంది.

ఇంతమాత్రాన పాత మోడెంలే గట్టివి అనుకుంటే పొరపాటు. వి.34 ఈ వరసలో అన్నిటికన్నా తెలివైనది. కలిసే ముందు 150 నుంచి 3,750 హెర్ట్జ్ మధ్య 21 స్వరాలు పంపి, ఏ పౌనఃపున్యం దగ్గర లైన్ ఎంత బలహీనంగా ఉందో, ఎంత నాయిస్ ఉందో కొలుస్తుంది. 2,400 నుంచి 3,429 వరకు ఆరు సంకేత వేగాల్లో లైన్‌కు తగింది ఎంచుకుంటుంది. పంపే సిగ్నల్‌ను ముందే సరిదిద్దుతుంది. అదనపు బిట్లు చేర్చి తప్పులను తట్టుకునే ట్రెలిస్ కోడింగ్‌తో కొంత నాయిస్‌ను దిగమింగుతుంది. దాంతో ఒకే గరగర లైన్ మీద 14,400 దగ్గర నడవమని చెప్పిన వి.34 మోడెం, అదే 14,400 దగ్గర వి.32బిస్ మోడెం కన్నా స్థిరంగా నిలుస్తుంది. పాత ప్రమాణాలకు దిగిపోవడం కన్నా కొత్త ప్రమాణంలోనే వేగానికి హద్దు పెట్టడం మేలన్నది దీని అర్థం.

ఇప్పుడు స్స్ రకం నాయిస్ మీద లెక్క వేసి చూద్దాం. తప్పులు దిద్దే వి.42 పద్ధతిలో డేటా మామూలుగా 128 బైట్ల ఫ్రేములుగా వెళ్తుంది. పైన ఉండే సరంజామా కలిపితే ఒక్కో ఫ్రేము సుమారు 1,070 బిట్లు. 33,600 దగ్గర పదివేల బిట్లకు ఒకటి తప్పు పోతోందనుకుందాం. అంటే పది ఫ్రేముల్లో ఒకటి పాడవుతుంది. పదో వంతు నష్టమేగా అనిపిస్తుంది. అసలు నష్టం అంతకన్నా ఎక్కువ. ఫ్రేము పాడైందని అవతలి మోడెం చెప్పేలోపు ఇవతలిది ఇంకో నాలుగైదు ఫ్రేములు పంపేసి ఉంటుంది. వి.42 మామూలు పద్ధతిలో పాడైన దగ్గర్నుంచి అన్నీ మళ్లీ పంపాలి. ఆ లెక్కన 33,600లో చేతికందేది 21,500 దరిదాపుల్లోనే. ఇప్పుడు ఒక్క మెట్టు దిగి 31,200కి వస్తే నాయిస్ నుంచి సుమారు 2 డెసిబెల్స్ వెసులుబాటు దొరుకుతుంది. చూడ్డానికి అది చిన్న అంకె. కానీ ఈ రకం నాయిస్‌లో తప్పులు తగ్గే తీరు చాలా నిటారుగా ఉంటుంది. ఆ 2 డెసిబెల్స్‌కే తప్పులు వంద రెట్ల వరకు తగ్గిపోతాయి. మళ్లీ పంపాల్సిన ఫ్రేములు వెయ్యికి ఒకటి. 31,200లో దాదాపు అంతా చేతికొస్తుంది. తక్కువ అంకె చూపించిన మోడెం 40 శాతం పైగా ఎక్కువ డేటా తెచ్చి ఇచ్చినట్టు.

ఇక్కడే మోడెంల మధ్య నిజమైన తేడా బయటపడుతుంది. ప్రమాణం అందరికీ ఒకటే. ఎంత వేగం దగ్గర మొదలుపెట్టాలి, ఎన్ని తప్పులు చూశాక మెట్టు దిగాలి, ఎంతసేపు శుభ్రంగా నడిచాక మళ్లీ ఎక్కాలి అన్నవి తయారీదారు ఫర్మ్‌వేర్ (మోడెం లోపలి ప్రోగ్రామ్) నిర్ణయాలు. అమ్మకాల కోసం పెద్ద అంకె చూపించాలన్న తొందర ఉన్న ఫర్మ్‌వేర్ అంచు దాకా ఎక్కి అక్కడ అవస్థ పడుతుంది. జాగ్రత్త గల ఫర్మ్‌వేర్ ఒక మెట్టు కింద ఆగుతుంది. మెట్టు దిగడంలోనూ రెండు పద్ధతులున్నాయి. కాల్ మధ్యలోనే వేగం మార్చుకునే పద్ధతి క్షణంలో అయిపోతుంది. మొదట్నుంచీ లైన్‌ను మళ్లీ కొలుచుకునే రీట్రెయిన్ పద్ధతికి చాలా సెకన్లు పడుతుంది, ఆ సేపు డేటా ఆగిపోతుంది. నిమిషానికోసారి పది సెకన్ల రీట్రెయిన్ చేసే మోడెం తన కాలంలో ఆరో వంతు దానికే పోగొట్టుకుంటుంది. ఒకే లైన్ మీద ఒక మోడెం సాఫీగా నడిచి, ఇంకోటి మాటిమాటికీ బిగుసుకుపోయినట్టు అనిపించడానికి ఇదే పెద్ద కారణం.

టక్కుల దగ్గరికి వస్తే ఈ కథ తలకిందులవుతుంది. గట్టి టక్కు ఒకటి 5 మిల్లీసెకన్లు ఉందనుకుందాం. అంత బలంగా కొడితే 33,600 అయినా 9,600 అయినా ఆ సమయంలో వెళ్తున్న ఫ్రేము పోయినట్టే. వేగం తగ్గించినందువల్ల దక్కే రక్షణ లేదు. పైగా వేగం తగ్గితే ఫ్రేము లైన్ మీద ఎక్కువసేపు ఉంటుంది. 33,600 దగ్గర 32 మిల్లీసెకన్లలో దాటిపోయే ఫ్రేము 9,600 దగ్గర 112 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సెకనుకు సగటున ఐదు టక్కులు వచ్చే లైన్ మీద మొదటి దాంట్లో వందకు 17 ఫ్రేములు పాడైతే రెండో దాంట్లో 44 పాడవుతాయి. 2,400 దగ్గరైతే వందకు 90. గరగర లైన్ కదా అని వేగం తగ్గించుకుంటూ పోయినవాళ్లకు పరిస్థితి ఇంకా దిగజారిన సందర్భాలకు ఇదీ వివరణ.

దీనికి మందు ఫ్రేము చిన్నది చేయడం. 9,600 దగ్గరే ఫ్రేమును 64 బైట్లకు తగ్గిస్తే 44 శాతం నష్టం 27కి దిగుతుంది. చాలా మోడెంలలో, తప్పులు దిద్దే ఇంకో పద్ధతి అయిన ఎంఎన్‌పీ బ్లాక్ సైజును 64 బైట్లకు తగ్గించే ఏటీ కమాండ్ (మోడెంకు టైప్ చేసి ఇచ్చే ఆదేశం) ఉండేది. వాడినవాళ్లు తక్కువ. మైక్రోకామ్ కంపెనీ ఎంఎన్‌పీ 10లో ఈ పనిని మోడెంకే వదిలేసింది. తక్కువ వేగంతో, చిన్న ఫ్రేములతో మొదలై, లైన్ ఎంత సహిస్తే అంత పెంచుకుంటూ పోతుంది. తొలి సెల్‌ఫోన్ల మీద డేటా పంపడానికి దాన్ని ఎక్కువగా వాడారు. అయితే రెండు చివరలా అదే ఉండాలి. ఇంటర్నెట్ సంస్థ దగ్గర ఉన్న మోడెంకు అది తెలియకపోతే ఇంట్లో ఉండి ప్రయోజనం శూన్యం. మంచి ఆలోచనలు ఎన్నో ఈ ఒక్క షరతు దగ్గరే ఆగిపోయాయి.

టక్కులో ఇంకో చిక్కు ఉంది. వేగంగా నడిచే మోడెం లోపల ప్రతిధ్వనిని తుడిచేసే భాగం, లైన్ వంకరలను సరిచేసే ఈక్వలైజర్ ఎప్పటికప్పుడు తమను తాము సర్దుకుంటూ ఉంటాయి. గట్టి టక్కు పడినప్పుడు నాసిరకం డిజైన్‌లో ఈ సర్దుబాటు కూడా చెదిరిపోతుంది. టక్కు 5 మిల్లీసెకన్లలో పోయినా మోడెం తేరుకోవడానికి సెకన్లు పడుతుంది. మంచి డిజైన్ అసాధారణంగా పెద్ద కుదుపు కనిపించగానే సర్దుబాటును కాసేపు ఆపి, పాత విలువలనే పట్టుకుని ఉంటుంది. పెట్టె మీద రాయని ఈ గుణమే టక్కుల లైన్ మీద మోడెంల మధ్య అసలు పోటీ. వాడేవాళ్ల చేతిలో ఉన్నదల్లా ఎస్10 రిజిస్టర్ అనే అమరిక. అవతలి మోడెం పంపే కారియర్ (వాహక) సిగ్నల్ మాయమైతే ఎంతసేపు ఓపిక పట్టి ఆపైన లైన్ కట్ చేయాలో అది చెబుతుంది. సెకనులో పదో వంతు దాని కొలత. మామూలుగా సెకనున్నర లోపే ఉండే ఆ విలువను నాలుగైదు సెకన్లకు పెంచితే ఉత్తపుణ్యానికి తెగిపోయే కాల్స్ చాలా తగ్గుతాయి. అలా పెంచడం వేగాన్ని ఇవ్వదు, కాల్‌ను కాపాడుతుంది. పల్సుకు డబ్బు కట్టి, మళ్లీ డయల్ చేస్తే ఎంగేజ్ వినిపించే రోజుల్లో అదే పెద్ద లాభం.

ఈ పోటీలో పక్కన నిలబెట్టి మెచ్చుకోవాల్సిన యంత్రం టెలిబిట్ ట్రెయిల్‌బ్లేజర్. డేటాను ముక్కలుగా చేసి పంపే ప్యాకెట్ స్విచింగ్ ఆలోచనకు ఆద్యుల్లో ఒకరైన పాల్ బరన్ స్థాపించిన టెలిబిట్ కంపెనీ దాన్ని 1985లో తెచ్చింది. మిగతావాళ్లు ఒకే వాహకం మీద వేగంగా సంకేతాలు పంపుతుంటే, అది 500కు పైగా సన్నటి వాహకాలు వాడింది. ఒక్కోదాని మీద చాలా నెమ్మదైన సంకేతాలు నడిపేది. ఏ వాహకం దగ్గర నాయిస్ ఉందో కొలిచి, బాగున్న వాటి మీద ఆరు బిట్లు, ఓ మోస్తరు వాటి మీద నాలుగు లేదా రెండు వేసి, పాడైన వాటిని ఖాళీగా వదిలేసేది. హమ్ ఉన్న చోటును అలా దాటేస్తుంది. టక్కు పడినా దాని శక్తి వందల వాహకాల మీద, పొడవైన సంకేతం నిడివంతా పరుచుకుని పలచబడిపోతుంది. నాయిస్ పెరిగితే వేగం మెట్లు మెట్లుగా కూలకుండా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. 2,400 గొప్పగా ఉన్న కాలంలో అది 18,000 దాకా వెళ్లిందంటే నమ్మడం కష్టమే. దాని ధర సామాన్యులకు అందేది కాదు. ఒకవైపు పంపడం ఆపి రెండోవైపు తిప్పుకోవడానికి టైమ్ పట్టడంతో టైప్ చేస్తే అక్షరం ఆలస్యంగా కనిపించేది. కానీ రాత్రిపూట యూయూసీపీ (యూనిక్స్ కంప్యూటర్ల మధ్య ఫైళ్లు మార్చే పద్ధతి) మెయిళ్లు గుంపుగా మార్చుకునే విశ్వవిద్యాలయాలకు ఆ ఆలస్యం అడ్డం కాలేదు. యూఎస్ రోబోటిక్స్ హెచ్ఎస్‌టీ 1986లో ఇదే సమస్యను ఇంకో దారిలో తేల్చింది. ఒకవైపు 9,600, తిరుగు దారిలో 300 మాత్రమే. రెండు దిశలూ వేర్వేరు పట్టీల్లో ఉండటంతో ప్రతిధ్వని గొడవే లేదు.

56 కిలోబిట్ల మోడెంలు వచ్చాక పోలిక ఇంకా గందరగోళమైంది. ఎక్స్2, కే56ఫ్లెక్స్ అనే రెండు పద్ధతుల పోటీ ముగిసి 1998లో వి.90 వచ్చింది. ఇందులో ఇంటర్నెట్ సంస్థ డిజిటల్‌గానే ఎక్స్చేంజీకి చేరుతుంది. ఎక్స్చేంజీ పంపే వోల్టేజీ మెట్లనే సంకేతాలుగా వాడుకుంటారు. దారిలో ఎక్కడైనా ఇంకోసారి అనలాగ్‌లోకి మారితే పని జరగదు. సిగ్నల్ కొలతలను బిట్లలో రాయడానికి మన దేశంలో వాడే ఏ-లా పద్ధతిలో సున్నా దగ్గరి మెట్లు చాలా సన్నవి, పై మెట్లు వాటికన్నా 64 రెట్లు వెడల్పు. లైన్‌లో స్స్ పెరిగితే సన్న మెట్లు కలిసిపోతాయి. పెద్ద మెట్లే ఎక్కువగా వాడదామంటే సిగ్నల్ శక్తికి పరిమితి ఉంది. అందువల్ల గరగర లైన్ మీద వి.90 అనుకున్నంత ఇవ్వలేదు. 40,000 దగ్గర కలిసి, కాసేపటికి రీట్రెయిన్లు చేస్తూ తెగిపోయే మోడెంను బలవంతంగా వి.34లో పెడితే 28,800 దగ్గర హాయిగా నడిచేది. లూసెంట్ చిప్ ఉన్న మోడెంలలో ఎస్38=0 అని ఇచ్చి 56 కిలోబిట్లను ఆపేసేవాళ్లు. పెట్టె మీద 56 అని చూసి కొన్నవాళ్లకు ఇది ఒప్పుకోవడం కష్టమైంది గానీ, చాలా లైన్లకు సరైన అమరిక అదే.

చవక విన్‌మోడెంల గురించి ఒక మాట. సిగ్నల్ పనంతా కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేసే పీసీటెల్ హెచ్ఎస్‌పీ లాంటి మోడెంలలో, ప్రాసెసర్ ఇంకో పనిలో పడి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఆ సేపటి సిగ్నల్ పోతుంది. లైన్‌లో లేని టక్కు మోడెంలో పుడుతుంది. లైన్‌మన్‌ను ఎన్నిసార్లు పిలిచినా అది దొరకదు. సిగ్నల్ పని కోసం సొంత డీఎస్‌పీ చిప్ ఉన్న ఎక్స్‌టర్నల్ మోడెంలు, ముఖ్యంగా యూఎస్ రోబోటిక్స్ కొరియర్, జైక్సెల్ లాంటివి పాత ఎక్స్చేంజీలు ఎక్కువగా ఉన్న రష్యా, తూర్పు యూరప్ దేశాల్లో అంత పేరు తెచ్చుకోవడానికి ఇది ఒక కారణం.

మరి పోల్చడం ఎలా? ప్రయోగశాలలో టెలిఫోన్ లైన్ సిమ్యులేటర్ పెట్టి కొలుస్తారు. అమెరికాలో టీఎస్‌బీ-37ఏ పేరుతో తయారైన నమూనా మంచి పని చేసింది. రకరకాల తీగ నిడివులను, రకరకాల లోపాలతో కలిపి, నిజ జీవితంలో ఏది ఎంత తరచుగా తగులుతుందో దాన్ని బట్టి బరువు వేసి, మొత్తం లైన్లలో ఎన్నిటి మీద మోడెం ఎంత డేటా ఇస్తుందో చూపుతుంది. ఒక్క లైన్ మీద గెలిచే మోడెం కన్నా ఎక్కువ లైన్ల మీద నిలిచేది ముందుకు వస్తుంది. అయితే ఆ బరువులు అమెరికా లైన్లవి. నీళ్లు చేరిన జాయింట్లు, స్ట్రోజర్ టక్కులు ఎక్కువగా ఉన్న చోట అదే వరుస వస్తుందన్న నమ్మకం లేదు.

ఇంట్లో చేసే పోలికకు కావాల్సింది కాస్త క్రమశిక్షణ. ముందుగానే జిప్ చేసిన ఫైలు వాడాలి, లేకపోతే వి.42బిస్ కంప్రెషన్ అంకెలను ఉబ్బిస్తుంది. రెండు మోడెంలనూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి పరీక్షించాలి, ఎందుకంటే ప్రతి కాల్ వేరే ట్రంకు మీద పోవచ్చు, అవతల వేరే మోడెం తగలొచ్చు. ప్యారలల్ ఫోన్లు పీకేయాలి. కాల్ ముగిశాక మోడెం లోపల దాచిన లెక్కలు, అంటే ఎన్ని బ్లాకులు మళ్లీ పంపింది, ఎన్ని రీట్రెయిన్లు చేసింది అన్నవి ఏటీ కమాండ్‌తో చూడాలి. రీట్రెయిన్లు తక్కువగా ఉండి మళ్లీ పంపిన బ్లాకులు చాలా ఉంటే ఆ లైన్ జబ్బు టక్కులే కావచ్చు. వేగం మెల్లగా మెట్లు దిగుతూ పోతే స్స్. రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కి, డయల్ టోన్ ఆగాక చెవి పెట్టి వింటే కూడా సగం తెలిసిపోతుంది.

ఈ గొడవ డయలప్‌తో పోలేదు. 2005లో బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ అవే రాగి తీగల మీద వచ్చింది. అందులో ట్రెయిల్‌బ్లేజర్ ఆలోచనే పెద్ద ఎత్తున కనిపిస్తుంది. వందల సన్నటి వాహకాలు, ఒక్కోదానికి నాయిస్‌ను బట్టి బిట్లు. టక్కుల కోసం ఇంటర్‌లీవింగ్ పెట్టారు. డేటాను చిందరవందరగా కలిపి పంపడం వల్ల ఒక టక్కు చాలా బ్లాకుల్లో తలా కొంచెం పాడుచేస్తుంది, దాన్ని ఎర్రర్ కరెక్షన్ దిద్దేస్తుంది. పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) పెరుగుతుంది కాబట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్లు దాన్ని తీసేయమని అడుగుతారు. స్స్ ఎక్కువైన లైన్‌లో ఇంటర్‌లీవింగ్ పెంచితే ఒరిగేది తక్కువ. అక్కడ నాయిస్ మార్జిన్‌ను 6 డెసిబెల్స్ నుంచి 9కో 12కో పెంచి, ఆ మేరకు వేగం వదులుకోవాల్సి ఉంటుంది.